రిపోర్టర్ వివరణ

20-1-2008, ఆదివారం

స్టడీ సెంటర్‌లో జర్నలిజం డిప్లొమా క్లాసు. పదకొండు మంది వచ్చారు. ఇరవై రెండేళ్లుగా అనకాపల్లి నుంచి పేపర్‌కి వార్తలు పంపుతున్నానని యూనివర్సిటీ వాళ్లు నన్ను గెస్ట్ లెక్చరర్‌ని చేశారు. వెళ్లి చూడకుండా వార్త రాయకూడదని బోర్డు మీద రాశాను. రాయడానికి బాగానే ఉంది, నా మోకాళ్లే సహకరించడం లేదు. ఇవాళ కూడా చర్చి ఎగ్గొట్టానని నా భార్య కృపాజ్యోతి నాతో మాట్లాడటం లేదు.

24-1, ఉదయం 11

త్రినాధరావు ప్రెస్ నోట్ పంపాడు. అచ్యుతాపురం వైపు ఒక మందుల కంపెనీకి పీఆర్వో. మా సెంటర్‌లోనే పబ్లిక్ రిలేషన్స్ పేపర్ చెబుతాడు. కంపెనీ మురికినీళ్లు సముద్రంలోకి వదిలే పైపు కోసం ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఒడ్డున ఉన్న ఊళ్లో గ్రామసభ. నోట్‌లో మాత్రం సభ అయిపోయింది, గ్రామస్తులు హర్షం వ్యక్తం చేశారు.

మా పేజీ మూడింటికి మూసేస్తారు. కాబట్టి ఎప్పుడూ ఇంతే. సన్మానాలు, ప్రారంభోత్సవాలు అన్నీ జరగకముందే జరిగినట్టు రాసేస్తాం. ఒళ్లు వెచ్చగా ఉంది. నోట్‌లో ఉన్నట్టే వార్త రాసి పంపేసి పడుకున్నాను.

25-1

పేపర్లో నా ఐటమ్ వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు. అంటే సభ సరిగ్గానే జరిగినట్టు.

27-1, ఆదివారం

అసైన్‌మెంట్ ఇచ్చాను. మీ ఊరి గురించి పేపర్లో వచ్చిన వార్త ఒకటి తీసుకోండి, వెళ్లి అడగండి, నిజమో కాదో రాయండి. ముప్పై మార్కులు. సిలబస్‌లో లేదు, అప్పటికప్పుడు తట్టింది. ఇంటికొచ్చేదాకా గర్వంగానే ఉంది.

10-2, ఆదివారం

దుర్గాలక్ష్మి అసైన్‌మెంట్ పేపర్ ఇచ్చింది. ముందు బెంచీ అమ్మాయి. తండ్రి కొర్లయ్య సముద్రం మీద వేటకి వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. వాళ్ల ఊరే ఆ గ్రామసభ ఊరు. తీసుకున్నది నా వార్త. మా పేపర్ నాలాంటి కంట్రిబ్యూటర్ల పేర్లు వేయదు, అందుకని నాదని ఆమెకు తెలియదు.

సభే జరగలేదట. టెంటు కూడా వేయనివ్వలేదు. ఆడవాళ్లు చేపల తట్టలు అడ్డంపెట్టి రోడ్డు మీద కూర్చున్నారు. ఆఫీసర్లు జీపు తిప్పుకుని వెళ్లిపోయారు. ఏడుగురిని అడిగింది, ఎవరేమన్నారో పేర్లతో సహా రాసింది. నేను అంత మంచి వార్త రాసి ఎన్నేళ్లయిందో.

క్లాసయ్యాక ఆగింది. ఆ వార్త కటింగ్‌ని కంపెనీ తన ఫైల్లో పెట్టిందట. ఊరు ఒప్పుకుందనడానికి అదే సాక్ష్యం. ఇరవయ్యో తారీకున పెద్దాఫీసర్లు చూస్తారట. ఆ రాసినాయన ఆ రోజు నేను ఊరికి రానేదని ఒక్క కాయితమ్ముక్క రాసిచ్చేడంటే సాలు సార్, మీకు తెలిసే ఉంటాది, కాస్త కనుక్కోండి సార్ అంది.

కనుక్కుంటానన్నాను. సిగ్గేసింది. తలెత్తి ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

12-2

త్రినాధరావుతో టీ. ఏటి ఎలియాజరు బావా, ఇంతదానికే మొకం ఏలాడేసీసేవు అన్నాడు. సభ అవ్వనేదని తనకి ఆ సాయంత్రమే తెలుసట. అచ్చయిపోద్ది కదా, నీకెందుకు సెప్పడమని ఊరుకున్నాను అన్నాడు. కాయితం రాసిచ్చేవంటే పేపరోళ్లు నీ ప్రెస్ కార్డు లాగేసుకుంటారు, నా ఉజ్జోగం కూడా పోద్ది, ఆ పిల్లకి మంచి మార్కులేసీసి ఊరుకో బావా అన్నాడు. తను కూడా చిక్కిపోయి ఉన్నాడు. కోపం రాలేదు. ఇంత అలసటలో కోపానికి ఓపికెక్కడిది.

13-2

ముప్పైకి ఇరవై తొమ్మిది వేశాను. ఒక మార్కు కోత: రిపోర్టర్ వివరణ తీసుకోలేదు.

అవతలివాళ్ల మాట కూడా రాయాలని నేర్పింది నేనే.

16-2, శనివారం, సాయంత్రం 5

కృపాజ్యోతికి చెప్పేశాను. బియ్యం ఏరుతూ అంతా విన్నది. చర్చి మానేసి ఆ పిల్లలకి నేర్పుతున్నది ఇదేనా అంది. కార్డు పోతే పోనీండి, నేను మిషను కుడతన్నాను కదా అంది. ఇన్నాళ్లకి ఇన్ని మాటలు.

రేపటి డైరీ ఎంట్రీ ఇప్పుడే రాసేయబోయాను. క్లాసులో లేచి నిలబడ్డాను, ఆ రిపోర్టర్ని నేనే అని చెప్పాను, పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు అని. మూడు వాక్యాలు రాశాక గాని తెలియలేదు. చేతికి అదే అలవాటు. ఆ కాగితం చింపేశాను.

భయంగా ఉంది. ఇరవై రెండేళ్లు. నాకు ఈ పని తప్ప వేరే ఏదీ రాదు.

17-2, ఆదివారం, మధ్యాహ్నం 1:40

చెప్పాను. ఆ రోజు నేను వెళ్లలేదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

దుర్గాలక్ష్మి కాగితం చదివి మడిచి పెట్టుకుంది. తర్వాత తన పేపర్ నా ముందు పెట్టింది. రిపోర్టర్ వివరణ దొరికీసింది కద సార్, ఆ ఒక్క మార్కు ఏసీండి అంది.

వేశాను.

జరిగాకే రాస్తున్నాను.