చంద్రుని మీద చిక్కినాయన

1941, శ్రావణం, శుక్రవారం

రుక్మిణి తొలి కాన్పుకు సైదాబాద్‌ల తల్లిగారింటికి పోయినప్పటి సంది సైన్స్ కిస్సల కితాబు, అదే కథల పుస్తకం, తెరువలేదు. కితాబు ఉర్దూది. నేను చదివి తెలుగుల చెప్తుంటే ప్రతి కిస్సకు ఇద్దరం మస్తు లొల్లి పెట్టుకునేటోళ్లం. ఆఖరి కిస్స నన్ను ఒక్కన్నే చదువొద్దని ఒట్టేయించుకొని పోయింది.

ఇయ్యాల శుక్రవారం, కచేరీలకు ఛుట్టీ. కితాబు పట్టుకొని సైదాబాద్ పోయిన. పెద్దోళ్ల ముంగట మేమిద్దరం కూసోని మాట్లాడుడు బాగుండది. అందుకే ముందటి అర్రల మామకు చదివి చెప్తున్నట్టు కూసున్న. గొంతు మాత్రం లోపలి అర్ర దాక పోయేటట్టు పెంచిన. కిస్సల చంద్రుని మీదికి పోయినాయన యంత్రం ఖరాబైతది. ఒక్కడే భూమి దిక్కు చూసుకుంట కూసుంటడు.

"ఆడ బర్లను ఎవలు పిండుతరు?" అన్నడు మామ. జర సేపటికి గుర్రు పెట్టిండు.

అత్త నవ్వుకుంట మంచినీళ్లు తెచ్చింది. "అల్లుడా, రుక్మిణి అడుగమంటున్నది. ఆయన ఇంటికొస్తడా, రాడా?"

లోపలి అర్ర పర్దా కింద రుక్మిణి పాదాలు కనబడ్డయి. వాచి ఉన్నయి. ఎట్లున్నవని అత్త ముంగట ఎట్ల అడుగుత?

"కిస్స ఇంక మస్తున్నది అత్తా. వచ్చే శుక్రవారం చెప్తనని చెప్పు" అన్న.

నిజానికి కిస్స ఆడికే ఒడిసింది. రాసినాయన ఆ మనిషిని చంద్రుని మీదనే ఇడిచిపెట్టిండు. ఇప్పుడు కిందికి దింపే ఫికర్ నాది. జల్ది దింపితే సైదాబాద్ పోయే సాకు ఉండది. రుక్మిణి బిడ్డనెత్తుకొని మాదన్నపేటల మా ఇంటికి వచ్చేదాక, పాపం, ఆయన తొవ్వలనే ఉండాలె.