దవడ గీతలు

మార్చి 3, సోమవారం

అక్క బాగుపడిందట. కంప్యూటర్ చెప్పిందట. బావ ఈ సంగతి ఫోన్‌లో అమ్మకు చెప్పిందే చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ గొంతు ఇంకాస్త పెంచి. శనివారం డిశ్చార్జి.

నాకు నమ్మకం కుదరడం లేదు. కుదురుగా కూర్చోలేకే కదా అక్క ఈ ఆసుపత్రికి వచ్చింది. దిగులు పడితే మనిషి మంచానికి అతుక్కుపోతుందనుకునేదాన్ని. మా అక్క దిగులుకు కాళ్ళున్నాయి. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి డాబా మీదికి, చేతులు నలుపుకుంటూ తిరుగుడే. ఆ రోజు పిట్టగోడ ఎక్కినప్పుడు బావ చూడకపోయి ఉంటే... రాయను.

మార్చి 4, మంగళవారం

ఇలా నిలవనివ్వని దిగులున్నవాళ్ళ మెదడు ఎలా పనిచేస్తుందో అక్కను చూసే డాక్టరమ్మ స్టడీ చేస్తోంది. వారం వారం అక్క తలకు వైర్లు అతికించి మెదడు గీతలు, అదే ఈఈజీ, తీస్తారు. అతికించే టెక్నీషియన్‌కు నేను పెట్టుకున్న పేరు జిగురు మాస్టారు. మొదట్లో అక్క కదిలిపోతుంటే సగం రికార్డింగు పారేయాల్సి వచ్చేదట. ఈమధ్య బొమ్మలా కూర్చుంటోందట. మందు పనిచేసిందని డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది.

ఆ వెలుగు మీదే నాకు అనుమానం.

మార్చి 5, బుధవారం

అక్క టీ చల్లారబెట్టుకుని తాగింది. పొగలు కక్కకపోతే కప్పు ముట్టని మనిషి.

మార్చి 6, గురువారం

బావ సంబరం చూడాలి. అక్క ఇంటి విషయాలన్నీ అడుగుతోందట. డాబా తలుపు తాళంచెవి ఎక్కడ పెట్టావని కూడా అడిగిందట, ఎంత జాగ్రత్తో చూడు అన్నాడు. నేను నవ్వలేదు. ఏం చెప్పావన్నాను. ఫ్రిజ్ మీద ఉందని చెప్పాడట. కోడిగుడ్డు మీద ఈకలు పీకకు డిటెక్టివ్ మరదలా, అని తనే నవ్వాడు.

ఇప్పుడు బావ మీద కూడా నిఘా పెట్టాలి. మంచివాడు. అదే భయం.

మార్చి 7, శుక్రవారం, ఉదయం

ఆఖరి రికార్డింగు. బతిమాలి వెనక కుర్చీలో కూర్చున్నాను. అక్క కళ్ళు మూసుకుంది, వేలు కూడా కదల్లేదు. తెర మీద గీతలన్నీ సన్నగా, బుద్ధిగా పోతున్నాయి. కణతల దగ్గరివి మాత్రం నల్లగా, మందంగా, చీపురుపుల్లల్లా లేచాయి.

అదేంటని అడిగాను. అది మెదడు కాదమ్మాయ్, దవడ, అన్నాడు జిగురు మాస్టారు. పళ్ళు బిగిస్తే అలా వస్తుందట. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేసి, రికార్డింగులో శుభ్రమైన ముక్కలే డాక్టరమ్మకు పంపుతాడట. పోయినవారం కూడా ఉందా అన్నాను. బొమ్మలా కూర్చోవడం మొదలుపెట్టినప్పటినుంచీ ఉందట.

టీ గుర్తొచ్చింది.

గదిలోకి రాగానే నోరు తెరవమన్నాను. నీకు పిచ్చా అంది అక్క. తెరువన్నాను. తెరిచింది. బుగ్గల లోపల రెండువైపులా కొరికి కొరికి పచ్చిపుండు.

ఇంకొక్క రోజు ఆగలేకపోయావా, అంది.

సాయంత్రం

వెళ్ళి డాక్టరమ్మకు చెప్పేశాను. జిగురు మాస్టారు ఏరేసిన ముక్కలన్నీ ఆవిడ మళ్ళీ తెరిపించింది. చాలాసేపు చూసింది. నేను ఇవి అడగనే లేదు, అంది, నాతో కాదు. డిశ్చార్జి ఆగింది. మందు మారుస్తారట, రాత్రీ పగలూ ఒక మనిషి అక్క పక్కనే ఉంటారట. వరండాలో బావ, ఇంటికెళ్ళి తెచ్చిన డాబా తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. నేను అడగలేదు. బావ డిటెక్టివ్ మరదలా అని కూడా అనలేదు.

మార్చి 9, ఆదివారం

అక్క నాతో మాట్లాడటం లేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

మార్చి 14, శుక్రవారం

అక్క నడుస్తోంది. వరండా ఈ కొసనుంచి ఆ కొసకు, చేతులు నలుపుకుంటూ. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ పక్కనే నడిచాను. అక్క దవడ వదులుగా, నోరు కొంచెం తెరిచే ఉంది.