గోడ మీది హజ్జా

మా ఇంటి హజ్జాకు, నైలు పడమటి గట్టు నుంచి నీ మనిషి సలాం చెప్పి రాసేది. దేవుడి దయ వల్ల ఇక్కడ నేనూ, చిన్నమ్మాయి నవ్వారా, గేదె, పావురాలూ అందరం కులాసా. అక్కడ సూయజ్‌లో నువ్వూ, పెద్దమ్మాయి ఇన్సాఫ్, అల్లుడు, చంటివాడూ అందరూ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం చేరి చాలా రోజులైంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. నాకు మాట్లాడటమే కష్టం, రాయడం ఇంకా కష్టం.

నువ్వు అడిగినవి చెబుతాను. గేదె కన్ను నయమైంది. మోకాలికి నువ్వు చెప్పిన నూనె రాస్తున్నాను. ఆ వాసనకు పావురాలు కూడా నా దగ్గరికి రావడం లేదు. రొట్టెలు నవ్వారా చేస్తోంది. ఎండలో పిండి పొంగేదాకా ఆగే ఓపిక దానికి లేదు కాబట్టి కాస్త గట్టిగా వస్తున్నాయి. నేను పులుసులో నానబెట్టుకుంటున్నాను. నీ పొయ్యి గది జాగ్రత్తగానే ఉంది. కాకపోతే అందులో గోడ నుంచి గోడకు తాళ్ళు కట్టాం. నవ్వారా అచ్చేసిన కార్డులు ఆరడానికి. వచ్చాక తిట్టు, ఇప్పుడే వద్దు.

ఇక నువ్వు చివర రాయించిన ప్రశ్న. "బక్రీద్ దాకానే అని దానికి చెప్పావా? ఆ తర్వాత ఈ చొక్కాలూ కార్డులూ కట్టిపెట్టి కెనా బడిలో బొమ్మల టీచరుగా చేరాలని గట్టిగా చెప్పావా?" అని అడిగావు. ఆ బడివాళ్ళు పండుగ అయ్యేదాకా దానికోసం చోటు ఉంచుతామన్న సంగతి నాకు గుర్తుంది. నీ ప్రశ్నకు జవాబు రాస్తాను. ముందు ఇక్కడ జరిగింది విను.

నువ్వు బండెక్కిన మర్నాటి నుంచి అది మన ముందు గదిలోనే పని చేస్తోంది. ముందు కాగితం మీద బొమ్మ గీస్తుంది. తర్వాత చెక్క చట్రానికి సన్నటి పట్టు గుడ్డ బిగించి, ఆ బొమ్మను దాని మీదకు ఎక్కిస్తుంది. బొమ్మలో ఎన్ని రంగులుంటే అన్ని చట్రాలు. చొక్కాను బల్ల మీద పరిచి, పైన చట్రం పెట్టి, రంగు పోసి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగుతుంది. చట్రం ఎత్తగానే అక్కడ ఖర్జూర చెట్టు ఉంటుంది. నేను చట్రం కదలకుండా పట్టుకుంటాను. ఎన్నిసార్లు చూసినా ఎత్తేటప్పుడు నాకు ఊపిరి ఆగుతుంది. నీలం తర్వాత ఎరుపు వేస్తే, ఎరుపు వెళ్ళి సరిగ్గా దాని చోట్లోనే కూర్చుంటుంది. ఆ చెయ్యి ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నా నుంచి మాత్రం కాదు.

బక్రీద్‌కి కావాలని రబీ పెద్ద పని ఇచ్చాడు. రేవు దగ్గర విదేశీయులకు గదులు అద్దెకిచ్చే రబీయే. ఊళ్ళో మక్కా వెళ్ళొచ్చిన హాజీల, హజ్జాల ఇళ్ళ మీద బొమ్మలుండే హజ్ గోడ ఒకటి చొక్కాల మీదా కార్డుల మీదా వేసివ్వమన్నాడు. నవ్వారా ఏ గోడ ఎంచుకుందనుకున్నావు? మనదే. నువ్వు మక్కా వెళ్ళినప్పుడు, తిరిగొచ్చేలోపల మీ అన్నయ్య పెయింటర్‌ని పిలిచి మన ముంగిట వేయించిన గోడ. విమానం, చెట్లు, పావురాలు, కాబా, తెల్ల బట్టల్లో నువ్వు, గుమ్మం మీద ఖురాన్ వాక్యం. ఎండకు సగం పెచ్చులూడిపోయింది కదా. ఊడిన చోటల్లా అది తన జ్ఞాపకం నుంచి నింపింది.

కార్డులు బాగా వచ్చాయి. తర్వాత చొక్కాలు అచ్చేసింది. రంగు నిలుస్తుందో లేదోనని ఒకటి ఉతికి చూసింది. ఏమీ కాలేదు. సంతోషంగా దాన్ని పెరట్లో ఆరేసింది. అప్పుడే పక్కింటి తఫీదా మజ్జిగ గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. గిన్నె ఇవ్వలేదు. తీగ కింద నిలబడి చొక్కా వంక చూసింది. దాని నుంచి నీళ్ళు కారుతున్నాయి, కింద బాతులు ఆ నీళ్ళు తొక్కుతున్నాయి.

"ఒసే నవ్వారా, దేవుడి మాటను పిండి ఆరేశావేమే?" అంది.

అప్పుడు చూశాం. గుమ్మం మీద వాక్యం కూడా చొక్కా మీదకు ఎక్కింది. ఆ వాక్యం లేకుండా మన ఊళ్ళో హజ్ గోడ ఉండదు కాబట్టి దాని చెయ్యి అలవాటుగా వేసేసింది. రోజూ గుమ్మం మీద చూసేదే కాబట్టి నా కంటికీ ఆనలేదు. కార్డులు చిన్నవి, వాటి మీద ఆ వాక్యానికి చోటు లేకపోయింది. ఆ మేరకు బతికాం.

"ఇది తొడుక్కున్నవాడు పాయిఖానాకు వెళ్ళేటప్పుడు విప్పి పెట్టి వెళతాడా? పడుకుంటే ఒంటి కింద పడదా?" అని తఫీదా ఇంకా చాలా అంది. ఆమె నోరు నీకు తెలుసు. కానీ ఈసారి ఆమె అన్నది తప్పని ఎవరూ అనలేరు. సాయంత్రానికి వీధి వీధంతా ఇదే మాట.

నవ్వారా ఏడవలేదు. తడి చొక్కాను గిన్నె మీద పట్టి పిండి, ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోసింది. చొక్కాలన్నీ మడిచి అలమరా మీద, అన్నిటికంటే పైన పెట్టింది. అమ్మడానికి లేదు, ఉతకడానికి లేదు, పారేయడానికి అంతకంటే లేదు. పండుగ దగ్గరికొచ్చేసింది.

రబీ వచ్చి, అంత దిగులెందుకని, ఆ అక్షరాల మీద ఇంకో రంగు పూసెయ్యమన్నాడు. కొనేవాళ్ళకు ఆ అక్షరాలు చదవడమే రాదు, కింద ఏముందో వాళ్ళకేం తెలుస్తుందన్నాడు.

"వాళ్ళకు తెలియదు మామా. నాకు తెలుసుగా," అంది నవ్వారా.

రబీ తల గోక్కుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక అది నా పక్కన అరుగు మీద కూర్చుంది. చేతులకింకా ఎరుపు అంటుకుని ఉంది. "నాన్నా, అమ్మ ఉత్తరంలో నాకేమైనా చెప్పమందా?" అని అడిగింది. నేనేమన్నానో తర్వాత రాస్తాను.

తెల్లవారి ఫజర్ నమాజు నుంచి వచ్చేసరికి నీ కుట్టుమిషను చప్పుడు వినిపించింది. చూస్తే చొక్కాలన్నీ కుట్ల దగ్గర విప్పేసి ఉన్నాయి. చేతులు ఒక కుప్ప, వీపులు ఒక కుప్ప. బొమ్మ ఉన్న ముందు భాగాన్ని మాత్రం నలుచదరంగా కత్తిరించి అంచులు కుడుతోంది. పై అంచులో ఖర్జూర మట్ట ఈనె దూర్చి, రెండు కొసలకూ తాడు కట్టి, ఒకటి నా ఎదురుగా మేకుకు తగిలించింది.

"గోడ మీద ఉండాల్సినదాన్ని ఒంటి మీదకు తెచ్చాను నాన్నా. మళ్ళీ గోడకే పంపేస్తున్నా," అంది.

నేను వెళ్ళి టీ పెట్టి తెచ్చి ఇచ్చాను. మనసులో మాత్రం, ఇంతమందిలో ఎవరికీ తోచనిది ఈ పిల్లకెలా తోచిందా అనుకున్నాను. చెరపలేదు, దాచలేదు. దాని మర్యాద దానికి తిరిగి ఇచ్చింది.

రబీకి కొత్త చట్రంతో వేరే చొక్కాలు వేసింది. వాటి మీద విమానం, చెట్టు, పావురాలు. అంతే. నిన్ను కూడా తీసేసింది. ఎందుకే అంటే, "మా అమ్మను ఎవరెవరో ఉతకడం నాకిష్టం లేదు" అంది. అవి పండుగకు ముందే అందాయి. గోడకని కుట్టిన గుడ్డలేమో రబీ తన గదులన్నిట్లో తగిలించుకున్నాడు. వాటిని చూసిన విదేశీయులు కార్డులు అడిగి కొనుక్కుంటున్నారట.

అసలు సంగతి ఇంకోటుంది. గుడ్డ ఎలా కుదిరిందో చూడటానికి తఫీదా మళ్ళీ వచ్చింది. వాక్యం పైన ఉందో లేదో చూసింది, అంచు తిరగేసి కుట్టు చూసింది. తప్పు దొరకలేదు. అంచు వదలకుండానే, "మీ అమ్మ దర్జాగా విమానంలో వెళ్ళింది. నేను ఓడలో వాంతులు చేసుకుంటూ వెళ్ళాను. నాకు ఓడ వేయి," అంది. ఆమె కొడుకు పాత ఇల్లు పడగొట్టి సిమెంటుది కట్టాడు కదా, దానితో ఆమె గోడ పోయింది. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు. నవ్వారా ఆమెను కూర్చోబెట్టి, ఓడ ఏ రంగు, పొగగొట్టాలెన్ని, పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నీ అడిగి గీసింది. తఫీదా నోరు ఇంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మజ్జిగ గిన్నె కూడా ఇచ్చేసింది. ఇప్పుడు గోడలు పోయిన హజ్జాలు రోజూ ఎవరో ఒకరు మన అరుగు ఎక్కుతున్నారు. కొంతమంది తమవి కాదు, చనిపోయిన తల్లుల గోడలు అడుగుతున్నారు.

ఇక నీ ప్రశ్నకు జవాబు. నువ్వు చెప్పమన్న మాట నేను చెప్పలేదు. ఆ రోజు అరుగు మీద అది అడిగినప్పుడు ఒక్క ముక్క అంటే చాలు, ఆ రోజే అన్నీ మూటగట్టేసేది. అంత అలసిపోయి ఉంది. నాకు నోరు రాలేదు. "రొట్టె పొంగేదాకా ఆగమంది మీ అమ్మ" అన్నాను. అది నవ్వింది. నువ్వు అనని మాట నీ పేరు మీద అన్నాను. పండుగ వెళ్ళిపోయింది. బడివాళ్ళు ఇంకొన్నాళ్ళు చూస్తామని కబురు పెట్టారు. నువ్వు వచ్చి ముందు ఈ గది చూడు. చూశాక కూడా మానెయ్యమనాలనిపిస్తే నీ నోటితోనే చెప్పు. నేను అడ్డం రాను. నాతో మాత్రం చెప్పించకు.

ఇన్సాఫూ, ఇక్కడి నుంచి గట్టిగా చదవకమ్మా. అల్లుడుగారు వింటారు. అమ్మ చెవి దగ్గర చదువు.

హజ్జా, ఈ కవరులో ఒక కార్డు పెట్టాను. గోడ మీద నీ ముఖం పెచ్చు ఊడిపోయి ఎన్నో ఏళ్ళయింది. నవ్వారా అక్కడ ముఖం వేసింది. అంచు పళ్ళ మధ్య పట్టుకున్న ముసుగు, ఎండకు కమిలిన ముక్కు, నవ్వాలా ఏడవాలా తెలియని కళ్ళు. ఇదెక్కడిదే అని అడిగాను. నువ్వు తిరిగొచ్చిన రోజు మీ వదిన చంకలో ఉండి చూశానంది.

నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ఊరంతా చుట్టూ ఉంది, ఆడవాళ్ళు హర్షధ్వానాలు చేస్తున్నారు. నువ్వు బండి దిగి నా వైపే వచ్చావు. అందరిలో నీ ముఖంలోకి చూడటానికి సిగ్గేసి, నేను గోడ మీద విమానాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు నీ ముఖం ఎలా ఉందో నాకు ఇన్నేళ్ళుగా తెలియదు.

మొన్న చూశాను. కార్డు ఒకటి నా జుబ్బా జేబులో పెట్టుకున్నాను. రెండోది నీకు.

త్వరగా రా.

ఇట్లు,
ఇన్సాఫ్, నవ్వారాల నాన్న,
నీ కినావీ