దర్జీ అడిగిన కొలత

అక్కా, నేను కులాసా. నాది నర్సు పనా, డాక్టరు పనా అని అడిగావు కదా? రెండూ కాదు, రోగుల ఊపిరి చూసుకునే పని. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్న ఒక దర్జీకి, డాక్టరుగారు సరేననగానే, నిన్న గొంతులోని గొట్టం తీశాను.

"గట్టిగా దగ్గండి, బాబాయ్" అన్నాను.

ఆయన దగ్గి, తనంతట తానే గాలి పీల్చి, బొంగురు గొంతుతో, "ఇన్నాళ్లూ నాకెంత గాలి కావాలో కొలత ఎవరు తీశారమ్మా?" అన్నాడు.

"నేనే, మీ పొడుగును బట్టి."

"బాగానే కుదిరింది" అని నవ్వాడు. ఆ మెప్పు ఇంకా చెవిలోనే ఉంది.

ఇన్‌హేలర్ పీల్చాక నాన్న పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టి ఉంచుతున్నారా? మెట్లెక్కుతూ ఎక్కడ ఆగుతున్నారో చాటుగా చూసి రాయి. అడిగితే ఆగనే లేదంటారు. అమ్మకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ చెల్లి