హాట్ డాగ్ పేరులో ఆవు లేకపోవుట గురించి

కౌంటీ ఆహార తనిఖీ అధికారి గారి సముఖమునకు, కాజిల్‌బార్, ఐర్లండు.

అయ్యా,

విషయం: హాట్ డాగ్ అను పేరు మార్చుట, లేనిచో మా అత్తగారికి తమరే నిజం చెప్పుట గురించి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మహీధర్ సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, తమరికి తెలుగు రాదు. ఆ ధైర్యంతోనే ఈ అర్జీ తెలుగులో దాఖలు చేయుచున్నాను. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు అన్నం సహించడం లేదు.

1. మా అత్తగారు గిరిజాకుమారి గారు తెనాలి నుండి మూడు నెలలకు వచ్చియున్నారు. కోడి, మేక తింటారు. గొడ్డుమాంసం పేరెత్తితే ఆ పూట భోజనం మానేస్తారు.

2. పై కారణమున 'కోషర్' అని ముద్ర ఉన్న హాట్ డాగులు కొంటిని. విచారించగా అది యూదుల ఆచారమనియు, పంది నిషిద్ధమనియు, పాలగిన్నె వేరు, మాంసం గిన్నె వేరనియు తెలిసినది. కార్తీకమాసంలో మా నాయనమ్మ మడి కూడా ఇంత గట్టిగా ఉండేది కాదు. ఇంత నిష్ఠగలవారు ఆవు జోలికి వెళ్లరని నాకు నేనే తీర్మానించుకొంటిని. ప్యాకెట్టు ముందు వైపే అంత పవిత్రంగా ఉంటే వెనక వైపు ఎవరు చదువుతారండీ?

3. పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి అత్తగారికి నా చేత్తో వేడిచేసి వడ్డించితిని. "మీ చేత్తో పెడితే బాగుంది బాబూ, రేపు కూడా పెట్టండి" అన్నారు. తొమ్మిది రోజులుగా, రోజుకు రెండు. నిన్న వెనక వైపు చదివితిని. అంతా గొడ్డుమాంసమే.

4. పేరు పుట్టుక కూడా పరిశీలించితిని. దీనికే ఉన్న మారుపేర్లలో ఫ్రాంక్‌ఫర్టర్ అనగా ఫ్రాంక్‌ఫర్ట్ ఊరు, వీనర్ అనగా వియన్నా ఊరు, డాగ్ అనగా పొట్టికాళ్ల జర్మన్ కుక్కతో పోలిక అని కొందరు. రెండు ఊళ్లు, ఒక కుక్క. ఆవు ఎక్కడా లేదు. లేని కుక్కను పైకెక్కించి ఉన్న ఆవును దాచుట న్యాయమా?

కావున పేరైనా మార్పించవలెను, లేదా తమరే ఆవిడకు నిజం చెప్పవలెను, రెండూ కుదరనిచో లోపల ఉన్నది మేక అని ముద్ర వేసిన కాగితమైనా ఇప్పించవలెను. ఆవిడ మొహం చూడలేకపోతున్నానండీ. దయతో చిత్తగించవలెను.

తమకును, అంతకంటె అత్తగారికిని విధేయుడు,
మహీధర్

తా.క.: ఆఫీసరుగారూ, ఈ కాగితం ప్రింటరు మీద దొరికింది. నేను గిరిజాకుమారిని. మొదటి రోజే మా మనవరాలు హాసిని ప్యాకెట్టు చదివి, "ఇట్స్ ఆల్ బీఫ్, అమ్మమ్మా" అని చెప్పింది. అల్లుడుగారు మొదటిసారి వడ్డించింది కాదనడానికి నోరు రాలేదు. కొంగు చాటున పట్టుకెళ్లి పక్కింటి ఎవాంజెలిన్ గారి కుక్కకు పెడుతున్నాను. అది సాయంత్రం అయిదు కాకముందే గేటు దగ్గర కూర్చుంటోంది. కాబట్టి పేరు మార్చకండి, ఎవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు. అల్లుడుగారికి నేనే చెబుతాను. ప్యాకెట్లో ఇంకా నాలుగున్నాయి, అవి అయ్యాక.