నీ పేరు మీది మూడు విచారణలు

బాపూ,

ఇయ్యాల పొద్దున పదకొండింటికి బ్యాంకు మేనేజరు, లోను కోసం నీ పేరున జరిగిన మూడు విచారణలను తమ రికార్డులోంచి కొట్టేసిండు.

విత్తనాలు ఉద్దెర తెచ్చినప్పుడు నువ్వు నమ్మకానికని దుకాణంలో వదిలిన పట్టా పుస్తకం గుర్తుందా? నువ్వు పోయినంక దుకాణపాయన అదే చూపించి, నీ పేరున మూడు బ్యాంకుల్లో లోను అడిగిండట. "మీ ఇంటోళ్లు ఇప్పటికే అన్నిచోట్లా అడిగిన్రు" అని బ్యాంకోళ్లు తమ్ముని గొర్ల లోను ఆపేసిన్రు. నేను పెట్టిన అర్జీలకు జవాబు రాలేదు. పేపర్ల రాసెటోన్నని చెప్పుకున్నా కుర్చీ వేసిన్రంతే.

ఇయ్యాల అమ్మను తోలుకపోయిన.

"మా ఆయన బతికుండంగ బ్యాంకు గడప తొక్కలే సారూ. సచ్చినంక మూడు బ్యాంకులు తిరిగిండా? ఇంటికైతే ఒక్కసారన్న రాకపాయె!"

మేనేజరు నవ్వలేదు. కలం తీసిండు.

సోమవారం బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ మన కేతేపల్లికి వస్తడు. గొర్లకు జాగా చూసి, లోను ఇచ్చేదీ లేనిదీ తమ్మునికి ఆడనే చెప్తడట.