వాక్కాయ చెట్లు వేసిందెవరు?

అక్కా,

నిన్న నీ మూడో తద్దినానికి కొత్తపేట వెళ్లాను. దడి పొడుగునా నీ వాక్కాయ చెట్లు విరగకాశాయి. భోజనం చేసి వెళ్తున్న చుట్టం ఒకాయన ఆగి, "ఎవరు వేసేరండీ ఇవి?" అని అడిగాడు.

"మా అమ్మేనండి," అన్నాడు మీ ఆయన. నీ తద్దినం నాడు, నీ వాకిట్లో నిలబడి!

ఇంటిముందు ముళ్లచెట్లు అరిష్టమని ఆ అత్తగారే రెండుసార్లు పీకించింది. మూడోసారీ నువ్వే నాటి, బిందెలతో నీళ్లు మోశావు. మొదటి కాపు చూడకుండానే పోయావు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అబద్ధమాడకండి బావగారూ! మా అక్క వేసింది," అన్నాను అందరిముందూ.

"ఊరుకో అమ్మాయ్, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు.

ఆయన రెండో భార్య వంటింట్లోంచి వచ్చింది. "అక్కే వేసిందండి. నేను కాపరానికొచ్చిన రోజే పక్కింటావిడ చెప్పేరు," అంది.

నీ ముఖమైనా చూడని మనిషి చెప్పిన నిజం, పన్నెండేళ్లు నీ చేతివంట తిన్నవాడి నోట రాలేదు.

బయల్దేరుతుంటే, "నాలుగు కాయలు పట్టుకెళ్లు," అన్నాడు.

"మా అక్కవి నాకు మీరిచ్చేదేంటండీ?" అని, కొంగునిండా నేనే కోసుకున్నాను.

నీ చెల్లి